చీటీ చూడని మా వదిన

మా వదిన ఆరోగ్య కేంద్రంలో ల్యాబు మనిషి. జ్వరమని వచ్చినవాళ్ళ వేలు పొడిచి, రక్తపు చుక్కని గాజు పలక మీద పూసి, రంగు పట్టించి, మైక్రోస్కోపులో చూసి మలేరియా ఉందో లేదో, ఉంటే ఏ రకమో చెప్పడం ఆవిడ పని. ఇరవై రెండేళ్ళుగా అదే గది, అదే స్టూలు. ఆ గది ఒకప్పుడు పాత మంచాలు పడేసుకునే సామాను గది. కిటికీ ఒకటే, సింకు నిండా ఊదారంగు మరకలు. వదిన గోళ్ళు కూడా అదే రంగు. ఎంత తోమినా వదలదు. ముద్ద కలుపుతుంటే చూసి మా అన్నయ్య, నీ చేత్తో తింటే రోగాలన్నీ భయపడి పారిపోతాయి అని ఏడిపించేవాడు.

ఆవిడకో పట్టుదల ఉండేది. స్లైడుతోపాటు ఒక చీటీ వస్తుంది. రోగి వయసు, చేసే పని, జ్వరం ఎన్నాళ్ళ నుంచి, రోజూనా, రోజు విడిచి రోజా, అన్నీ అందులో రాసి ఉంటాయి. వదిన ఆ చీటీని బోర్లా తిప్పి బల్ల మీద పెట్టేది. ముందు కన్ను మైక్రోస్కోపుకి ఆనించి, చూసింది కాగితం మీద రాసి, ఆ తర్వాతే చీటీ తిరగేసి అందులోని రోగి అంకె వేసుకునేది. అప్పుడు కూడా అంకె వరకే. మిగతాది ఆవిడకి అక్కర్లేదు. ముందే చదివితే మనసు ఒకటి అనేసుకుంటుందట, ఇక కన్ను దాన్నే వెతుక్కుంటుందట. రోగి ఎదురుగా నిలబడి నా బాధ ఇదమ్మా అని మొదలుపెట్టినా, నువ్వు చెప్పకు, నీ రక్తం చెబుతుంది అనేది.

అది పొగరు కాదు. పై ల్యాబు నుంచి ఏడాదికోసారి ఒకాయన వచ్చి, ఆవిడ చూసిన స్లైడుల్లో కొన్ని ఏరుకెళ్ళి మళ్ళీ చూసేవాడు. ఒక్కసారి కూడా తప్పు దొరకలేదు. పైగా ఒక ఏడాది, ముగ్గురు చూసి ఏమీ లేదని పక్కన పెట్టిన స్లైడులో ఈవిడ గంటసేపు వెతికి ఒక మలేరియా పురుగుని పట్టుకుంది. అది మలేరియాల్లో కాస్త అరుదైన రకం. రక్తకణం నడుముకి పట్టీ కట్టినట్టు అడ్డంగా ఉంటుందట. అందుకని ఇంట్లో దానికి పట్టీ రకం అని పేరు పెట్టుకుంది. రెండు రోజులు విడిచి మూడో రోజు జ్వరం తెస్తుంది, ఒంట్లో కొద్దిగానే ఉంటుంది, మనిషిని పెద్దగా ఏమీ చెయ్యదు, కానీ ఏళ్ళ తరబడి వదలదు. ఆ పై ల్యాబు ఆయన అందరి ముందు మెచ్చుకున్నాడు. ఆ రోజు నుంచి పట్టీ రకం కనబడితే చాలు, వదిన మొహం వెలిగిపోయేది.

ఇక నా సంగతి. నేను స్కూలు యూనిఫారాలు కుడతాను. నాకు ముక్కు మీద కోపమని మా వాళ్ళందరూ అంటారు. ఉంటే ఉంది, దాన్ని నేనేమీ దాచుకోను. వదినా నేనూ ఒకే వీధిలో, నాలుగిళ్ళ దూరంలో ఉంటాం. రోజూ ఒక్కసారైనా మాటకి మాట అనుకోకపోతే ఇద్దరికీ ఏదో వెలితి. మా ఆయన రంపం మేస్త్రీ. కొండ వైపు అడవి కొట్టేసి తోటలు వేస్తుంటే, అక్కడ మోటారు రంపంతో చెట్లు పడగొట్టే పని. వారంలో ఐదు రోజులు అక్కడే రేకుల షెడ్డులో ఉంటాడు, శనివారం ఇంటికొస్తాడు.

ఆ శనివారం వచ్చినవాడు సంచి గుమ్మంలోనే పడేసి మంచమెక్కాడు. గురువారం నుంచి జ్వరమన్నాడు. మధ్యాహ్నం మూడింటికి వణుకు మొదలైంది, రెండు దుప్పట్లు కప్పినా మంచం కదిలిపోయింది. సాయంత్రానికి చెమటలు పోసి తగ్గింది. ఆదివారం మూడింటికి మళ్ళీ అదే వరస. నా కుట్టుమిషను పక్కన గోడకి కేలండరు ఉంటుంది, ఎవరి బట్టలు ఏ రోజుకి ఇవ్వాలో దాని మీద సున్నాలు చుట్టుకుంటాను. జ్వరం వచ్చిన రోజులకి ఎర్ర పెన్సిలుతో అడ్డగీత పెట్టాను. ఎందుకు పెట్టానో నాకే తెలియదు, చేతిలో పెన్సిలుంది, పెట్టానంతే.

సోమవారం పొద్దున్నే తీసుకెళ్ళాను. వదిన వేలు పొడుస్తుంటే నేను మొదలుపెట్టాను, వదినా, మధ్యాహ్నం సరిగ్గా మూడింటికి అని. ఆవిడ తలెత్తకుండానే చెయ్యి అడ్డం పెట్టింది.

"చెప్పకు. అయినవాళ్ళ విషయంలో అసలే చెప్పకూడదు. నేను చూశాక చెబుదువుగాని."

సరే, నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకోవడం మా ఇంట్లో వింతే. స్లైడు ఆరి, రంగు పట్టి, కడిగి, మళ్ళీ ఆరేదాకా బయట బెంచీ మీద కూర్చున్నాం. చివరికి పిలిచింది. మొహం చూస్తే సంతోషంగా ఉంది. పట్టీ రకమే, వెతకాల్సిన పనే లేకుండా ఇట్టే దొరికింది అంది. ఇది మెత్తని రకం, కంగారేమీ లేదు, డాక్టరుగారు గురువారం వస్తారు, అందాకా మాత్రలు వేసుకుని పడుకుంటే చాలంది. నిన్న వణికాడని చీటీ రాసిన నర్సమ్మ అంటే, అయితే మళ్ళీ జ్వరం వచ్చేది ఇక బుధవారమేనంది. ఎన్ని పురుగులున్నాయో లెక్కపెట్టావా అని నర్సమ్మ అడిగితే, ఈ రకానికి లెక్కెందుకమ్మా, ఎప్పుడూ పిడికెడే ఉంటాయి అని తేల్చేసింది. నేను చెప్పాల్సింది నా నోట్లోనే ఉండిపోయింది. ఇరవై రెండేళ్ళ కన్ను ఒకటి చెబితే, గోడ మీద పెన్సిలు గీతలు పట్టుకుని ఎదురు చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు.

ఆ సోమవారమే మూడింటికి వణుకు వచ్చింది. మాత్రలు వేసిన పావుగంటకే కక్కేశాడు. మళ్ళీ వేస్తే మళ్ళీ కక్కాడు. మంగళవారం మూడింటికి నేను గడియారం ముందు నిలబడి, రాకూడదు, ఇవాళ రాకూడదు, వదిన బుధవారమంది కదా అనుకుంటూనే ఉన్నాను. మూడూ ఐదుకి పళ్ళు టకటకలాడాయి. నాకు ఏడుపు రాలేదు, పిచ్చెక్కినట్టయింది. నిజంగా జ్వరం వచ్చిందా, లేక నేనే చూసుకుని చూసుకుని తెచ్చిపెట్టానా అని కూడా అనిపించింది. థర్మామీటరు రెండుసార్లు దులిపి మళ్ళీ పెట్టాను.

సాయంత్రం వదిన ఇంటికెళ్ళి ఒంటికాలి మీద లేచాను. రోజూ వస్తోంది, నీ పట్టీ రకం రోజూ రాదన్నావు, మరి ఇదేమిటి అని. ఆవిడ బట్టలు మడతపెడుతూ, ఒక్కోసారి రెండు విడతల పురుగులు ఒంట్లో ఉంటే రోజులు కలిసిపోయి అలా వస్తుంది, లేకపోతే మొన్నటి జ్వరం తాలూకు నలత అయుంటుంది అంది. మాత్రలు కక్కుతున్నాడంటే, తినబెట్టి వెయ్యమంది. మా అన్నయ్య మధ్యలో దూరి, మీ వదిన చూపుకి పెద్దాఫీసే వంక పెట్టలేదు, నువ్వొచ్చావా పెట్టడానికి అన్నాడు. ఆ మాటకి నా ఒళ్ళు మండిపోయింది, కానీ నిజం చెప్పాలంటే నాకూ ధైర్యం చాలలేదు. ఎవరిని నమ్మాలి? మంచం మీద వణికేవాడినా, గాజు మీద చూసినదాన్నా? ఇంటికి నడుస్తుంటే నాలుగిళ్ళ దూరం నలభై ఇళ్ళంత అయింది.

బుధవారం పొద్దున్న మా ఆయన కళ్ళు పచ్చబడ్డాయి. పక్క మీంచి లేచి కూర్చోవడానికే ఆయాసం. రాత్రి నుంచీ ఒంటికి వెళ్ళలేదు, వెళ్ళిన నాలుగు చుక్కలు డికాషన్ రంగులో ఉన్నాయి. నన్ను చూసి, ఇవాళ ఏ వారం అన్నాడు. చెప్పాను. మళ్ళీ అదే అడిగాడు. పక్కింటావిడని ఆయన దగ్గర కూర్చోబెట్టి, గోడ మీద కేలండరు మేకుతో సహా ఊడబీకి చంకలో పెట్టుకుని ఆరోగ్య కేంద్రానికి పరిగెత్తాను.

వదిన ఎవరిదో స్లైడు చూస్తోంది. వరసలో ఆరుగురున్నారు. నేను ఎవరినీ అడగలేదు. కేలండరు తీసుకెళ్ళి మైక్రోస్కోపు పక్కన దబ్బున పెట్టాను. ఇది చూడు, చూడనంటే ఊరుకోను, నా మొగుడు చచ్చిపోతున్నాడు అన్నాను.

ఆవిడ ఎర్రగీతలు చూసింది. గురువారం, శుక్రవారం, శనివారం, ఆదివారం, సోమవారం, మంగళవారం. వేలితో ఒక్కొక్కటే తాకుతూ వెళ్ళింది. తర్వాత, ఇరవై రెండేళ్ళలో ఎవరినీ ఒక్క ముక్క అడగని మనిషి, మా ఆయన గురించి నన్ను అడిగింది.

"తమ్ముడు సాయంత్రం పూట ఎక్కడ ఉంటాడు? షెడ్డు లోపలా, బయటా?"

బయటే అన్నాను. పని దిగాక చొక్కా విప్పి, కొట్టేసిన మొద్దు మీద కూర్చుని, చీకటి పడేదాకా రంపం గొలుసుకి ఆకురాయి పెడతాడు. అది ఇంకెవరికీ ఇవ్వడు, ఆయన చేతి పదునే ఆయనకి కావాలి.

"అక్కడ కోతులున్నాయా?"

మనిషి పోతుంటే కోతుల గొడవేమిటి? ఉన్నాయి, చెట్లు కొట్టేకొద్దీ మిగిలిన చెట్ల మీదికి గుంపులుగా చేరుతున్నాయి, షెడ్డు మీదకే దూకుతున్నాయని చెప్పేవాడు అన్నాను. వదిన పెట్టెలోంచి సోమవారం స్లైడు తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. ఈసారి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పెదవులు కదులుతున్నాయి. కాసేపటికి కదలడం మానేశాయి. లేచి, నర్సమ్మతో అంబులెన్సు పిలవమని చెప్పి, రంగు చేతులు కడుక్కోకుండానే నాతో బయల్దేరింది.

మా ఇంట్లో మళ్ళీ వేలు పొడిచి రెండు స్లైడులు పూసి జేబు రుమాల్లో చుట్టుకుంది. దారిలో అంబులెన్సులో నాకు చెప్పింది, కానీ అప్పుడు నా బుర్రకి సగమే ఎక్కింది. కోతుల ఒంట్లో ఉండే మలేరియా ఒకటుంది, ప్లాస్మోడియం నోలెసి అంటారు. అడవి దోమ కోతిని కుట్టి, అదే దోమ మనిషిని కుడితే మనిషికి అంటుతుంది. ఆ దోమ ఇళ్ళలోకి పెద్దగా రాదు, పొద్దువాలాక ఆరుబయట కుడుతుంది. అందుకే అడవి అంచున పనిచేసేవాళ్ళకి, చెట్లు కొట్టేవాళ్ళకి, బయట పడుకునేవాళ్ళకి ఎక్కువ. మైక్రోస్కోపులో అచ్చం పట్టీ రకంలాగే అడ్డపట్టీతో కనబడుతుంది, ఎంత చెయ్యి తిరిగినవాళ్ళకైనా తేడా తెలియదు. తేడా అంతా రెండు చోట్లే. ఇది రోజుకోసారి పిల్లలు పెడుతుంది, అందుకే రోజూ జ్వరం. ఒంట్లో కొద్దిగా ఉండి ఊరుకోదు, నాలుగైదు రోజుల్లో మనిషిని ముంచేస్తుంది. ఒకటి తెలియాలంటే చీటీ చూడాలి, రెండోది తెలియాలంటే లెక్కపెట్టాలి. శిక్షణలో ఎప్పుడో ఒక్క పేరా చదివానంది, మన వైపు లేదన్నారంది.

నేను మా ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. కుట్టింది దోమ అయితే కోతి ఎందుకొచ్చింది, కోతి రోగం మనిషికి ఎలా సరిపోయింది, ఐదుగురు ఉన్న షెడ్డులో ఈయనకే ఎందుకొచ్చింది అని బుర్రలో అవే తిరిగాయి. జవాబు దొరికినా అప్పుడు ఏం చేసుకుంటాను.

పెద్దాసుపత్రిలో నరంలోకి మందు ఎక్కించారు. మూత్రపిండాలు పని మానేశాయన్నారు, రెండు రోజులు గడిస్తేగాని చెప్పలేమన్నారు. అక్కడి డాక్టరమ్మ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, సోమవారం మెత్తని రకమని రాసి పంపిందెవరు, బుధవారం సరిగ్గా పట్టుకుని పంపిందెవరు అని అడిగింది. మొదటాయన నిర్వాకం వల్ల రెండు రోజులు పోయాయి, రెండో మనిషి చూడబట్టి బతికే అవకాశం ఉంది అంది.

నేను నోరు తెరవబోయాను. ఏం చెప్పబోయానో నాకిప్పటికీ తెలియదు. వదిన ముందే చెప్పేసింది.

"రెండూ నేనేనండీ."

తర్వాత వరండాలో బల్ల మీద పక్కపక్కన కూర్చున్నాం. వదిన గోడకేసి చూస్తూ అంది, "సోమవారం స్లైడులోనే లెక్కకు మించి ఉన్నాయే. ఇట్టే దొరికిందని మురిసిపోయాను. ఎందుకు ఇట్టే దొరికిందని అనుకోలేదు. నువ్వు చెప్పబోయావు, నేను నీ నోరు మూయించాను."

నా కోపమంతా ఆ క్షణానికే దాచుకున్నాను నిజానికి. అంబులెన్సు ఎక్కినప్పటి నుంచీ లోపల మాటలు పేర్చుకుంటున్నాను. తీరా ఆవిడే అనేశాక నా దగ్గర ఏమీ మిగల్లేదు. ఈవిడ వల్లే పోతున్నాడు, బతికితే ఈవిడ వల్లే బతుకుతాడు. తిట్టాలా, కాళ్ళు పట్టుకోవాలా? రెండూ చెయ్యలేక లేచి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి చేతికిచ్చాను. ఆవిడ తాగలేదు, గ్లాసు పట్టుకుని కూర్చుంది.

శుక్రవారం మధ్యాహ్నం నర్సు వచ్చి, మంచానికి వేలాడే సంచిలో మూత్రం పడుతోందని చెప్పింది. ఇద్దరం లోపలికి పరిగెత్తి ఆ సంచి ముందు వంగి నిలబడ్డాం. నూట యాభై గీత దాకా ఉంది, రంగు కూడా మారింది. వదిన నన్ను పట్టుకుని ఏడ్చేసింది. సిగ్గు లేకుండా నేనూ ఏడ్చాను. ఆదివారానికి మా ఆయన కళ్ళు తెరిచి మనుషుల్ని పోల్చుకున్నాడు. కోతి జ్వరమని చెబితే, "వాటి ఇల్లు నేను కూల్చాను కదక్కా, వచ్చి నా ఒంట్లో కాపురం పెట్టాయి" అన్నాడు. అందరం నవ్వాం. వదిన మాత్రం నవ్వలేదు.

పై ల్యాబుకి పంపిన రక్తానికి జవాబు పది రోజులకొచ్చింది. నోలెసియే. షెడ్డులో మిగతా నలుగురికీ పరీక్ష చేశారు, ఎవరికీ లేదు. వాళ్ళు పొద్దువాలగానే లోపల దోమతెరల్లో దూరి పేకాట ఆడుకునేవాళ్ళట. వదిన చేసింది తప్పు కిందికి రాదని, ఆ రెంటినీ కంటితో విడదీయడం ఎవరి తరమూ కాదని పై ఆఫీసు కాగితం కూడా రాసింది. ఆ కాగితం వచ్చిన రోజు నుంచే ఆవిడ పనికి వెళ్ళడం మానేసింది. ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టింది. మా అన్నయ్య నా దగ్గరికొచ్చి, తిండి సరిగ్గా తినడం లేదు, నువ్వొచ్చి రెండు తిట్టవే, అదైనా పనిచేస్తుందేమో అన్నాడు.

ఇరవై ఎనిమిదో రోజుకి మా ఆయనకి మళ్ళీ రక్తం చూపించాలని డాక్టరమ్మ రాసిచ్చింది. పురుగు పూర్తిగా పోయిందో లేదో తేలాలి. ఏ మూలైనా మిగిలిందేమోనని నాకు కంటి మీద కునుకు లేదు. ఆ రోజు పొద్దున్న ఆయన్ని వెంటబెట్టుకుని వదిన ఇంటికెళ్ళాను. ఆవిడ చెయ్యి అడ్డంగా ఊపి, నా బదులు కొత్తగా వేసిన అమ్మాయి ఉంది, దాని దగ్గరికి తీసుకెళ్ళు అంది. ఆ అమ్మాయి ఈ పురుగుని పుస్తకంలో తప్ప చూడలేదు, నువ్వు చూశావు, నువ్వు చూడకపోతే నేను ఎవరికీ చూపించను, ఈయన్ని ఇలాగే ఇంటికి తీసుకుపోతాను అన్నాను. నా సంగతి ఆవిడకి తెలుసు. చెప్పులేసుకుంది.

ల్యాబులో చీటీ తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది. మా ఆయన్ని కూర్చోబెట్టి, జ్వరం వచ్చిందా, వణుకొచ్చిందా, మళ్ళీ కొండ వైపు వెళ్ళావా తమ్ముడూ అని అడిగింది. లేదక్కా, ఇంటి దగ్గరే ఉన్నాను, ఆకలి కూడా బాగానే ఉంది అన్నాడు. వేలు పొడిచి స్లైడు పూసి, ఆయన్ని బయట కూర్చోమంది. నేను కదల్లేదు, తలుపు దగ్గరే నిలబడ్డాను.

చూడటం మొదలుపెట్టింది. గంట గడిచింది. స్లైడు అంచు దాకా వచ్చింది, ఏమీ అనలేదు. మళ్ళీ మొదటి మూల నుంచి మొదలుపెట్టింది. వరసలో ఉన్నవాళ్ళని కొత్తమ్మాయి పక్క గదికి పంపేసింది. రెండోసారీ అయింది. ఉందా వదినా అన్నాను. కనబడలేదు అంది. లేదు అనలేదు. మూడోసారి మొదటి మూలకి జరిపింది. కళ్ళు ఎర్రబడ్డాయి, నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకుని మళ్ళీ ఆనిస్తోంది. నాకు భయం వేసింది, ఈసారి మా ఆయన కోసం కాదు.

మూడోసారి పూర్తయ్యాక స్టూలు వెనక్కి జరిపి లేచి నిలబడింది.

"నువ్వొకసారి చూడవే."

నేనా? జన్మలో దాంట్లో కన్ను పెట్టలేదు. అయినా కూర్చున్నాను. మొదట నా కనురెప్పే కనబడింది. తర్వాత వదిన ఏదో తిప్పితే, గులాబీ రంగులో గుండ్రంగా ఏవో, ఒకదాని పక్కన ఒకటి, ఎక్కడ చూసినా అవే. అందులో ఏది ఉండాలో, ఏది ఉండకూడదో నాకేం తెలుసు? ఆవిడ నా భుజం పక్కన నిలబడి ఉంది. నేను చాలాసేపు చూశాను, చూడటం వచ్చినదాన్లాగా.

"ఏమీ లేదు వదినా" అన్నాను.

వదిన చీటీ దగ్గరికి లాక్కుని, 'లేదు' అని రాసి, సంతకం పెట్టింది.